ముళబాగిలు కొండ మీద నల్ల పలక

"నీకు కొండలెక్కడం ఇష్టమేనా?" అని అడిగాడు చీఫ్.

"లేదు."

"మంచిది. ఇంకో గంటలో ఎక్కుతున్నావు."

కోలారు బయట ఒక మామిడితోటలో ఆపిన కారు వెనక సీటే ఆ రోజుకు సీక్రెట్ సర్వీస్ ఆఫీసు. టైమ్ ఉదయం ఏడు. ఏజెంట్ పురుషోత్తమ్ నిట్టూర్చి చెయ్యి చాపాడు. యాభై ఒక్క ఏళ్ల మనిషి, మోకాళ్లు అప్పుడే మొరాయిస్తున్నాయి. చీఫ్ అతని చేతిలో ఒక కాగితం పెట్టాడు. తెల్లవారుజామున గాల్లోంచి పట్టి, కోడ్ విప్పిన మెసేజ్ అది.

'K-సెవెన్ ఎవరో తెలిసింది. పేరు, ఫొటో, ఇంటి అడ్రస్ మెమరీ కార్డులో ఉంటాయి. ఈరోజు, పదకొండు గంటలు, ముళబాగిలు కొండ.'

K-సెవెన్ అంటే నందీశ్. వేమగల్‌లో లెన్సుల ఫ్యాక్టరీ అని బోర్డు పెట్టుకుని, లోపల మన రాడార్లకు గంతలు కట్టే చిప్పులు చేయించి దేశం దాటిస్తున్న విదేశీ ముఠా ఒకటుంది. ఏడాదిగా అందులో ఇంజనీరుగా పనిచేస్తూ వాళ్ల గుట్టు మోసుకొస్తున్నవాడు నందీశ్. క్యాసంబళ్ళిలో పట్టుపురుగులు పెంచుకునే మునివెంకటమ్మకు ఒక్కగానొక్క కొడుకు. అతన్ని ఆ పులినోట్లోకి పంపింది పురుషోత్తమే. ఏదో సర్కారు పని అని మాత్రమే ఆమెకు తెలుసు. ఆమె పెట్టిన రాగిముద్ద తింటూ, "మీవాడి ఒంటి మీద గీత పడకుండా చూసే పూచీ నాది" అని మాట ఇచ్చిందీ అతనే.

"వాణ్ని ఇప్పుడే బయటికి లాగేద్దాం సార్."

"కుదరదు. ఆరింటి షిఫ్టుకు లోపలికి వెళ్లిపోయాడు. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఇవాళ షిప్‌మెంట్ లిస్టు తీసుకుని రెండింటికి బయటికొస్తాడు. మూడింటికి రెయిడ్. ఈలోపు మనం ఆ గేటు వైపు తొంగిచూసినా వాళ్లకు డౌటొస్తుంది."

"కార్డు వాళ్ల చేతిలో పడితే?"

"పదకొండుంపావుకు ఫ్యాక్టరీకి ఫోన్ పోతుంది. రెండింటికి నందీశ్ బయటికి రాడు. ఎప్పటికీ రాడు."

"పేరు బయటపెట్టింది ఎవరు?"

"ఆ పేరు తెలిసినవాళ్లు మన ఆఫీసులో ఐదుగురు. నిన్నూ నన్నూ కలుపుకుని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ పని నీది." చీఫ్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. "కొండ మీద రక్షిత ఉంటుంది. నీ పార్ట్‌నర్."

పురుషోత్తమ్ ముఖం వేపాకు నమిలినట్టయింది. రక్షిత డబుల్ ఏజెంట్. ముఠా దృష్టిలో వాళ్ల మనిషి, ఆఫీసు దృష్టిలో మన మనిషి. బయటి లోకానికి పాడుబడ్డ కోటల ముందు నిలబడి రీల్స్ చేసే అందగత్తె. నందీశ్ రిపోర్టులు ఆఫీసుకు చేర్చేది ఆమే. ఆమె నవ్వు, ఆమె సెంటు, ప్రతి మాట చివరా "యూ నో" అనడం, ఏదీ అతనికి గిట్టదు. అయితే గిట్టకపోవడం సాక్ష్యం కాదని పాతికేళ్ల సర్వీసు అతనికి నేర్పింది.

"వేషం?"

చీఫ్ కాలితో ఒక గోనెసంచిని ముందుకు తోశాడు. అందులోంచి వచ్చిన కంపుకు డ్రైవర్ అద్దం దించాడు.

"చెత్త ఏరేవాడు. ఈ దేశంలో వాణ్ని ఎవడూ కన్నెత్తి చూడడు. చెత్త పట్టే ఈ కర్ర పిడిలో కెమెరా ఉంది. చెవిలో పెట్టుకునే పత్తిలో ఇయర్‌పీస్. చెవిపోటు అని చెప్పుకో. కొండ కింద మనవాళ్లు నలుగురు ఉంటారు. ఎవణ్ని పట్టుకోవాలో నువ్వు చెప్పాలి."

* * *

ముళబాగిలు కొండకు పేరూ ఉంది, పెద్దరికమూ ఉంది. పదిహేడు వందల అరవై ఎనిమిదిలో హైదరాలీ సైన్యానికీ కుంఫిణీ సైన్యానికీ ఈ బండల మధ్యే హోరాహోరీ యుద్ధం జరిగింది. ఓడిపోతున్న ఇంగ్లీషువాళ్లు, స్మిత్ దొర దండు తోడొచ్చిందని ఉత్తుత్తినే కేకలేసి ఎదుటివాళ్లను బెదరగొట్టారు. అబద్ధాలు ఈ కొండకు కొత్త కాదు.

పైకెక్కి చూస్తే కళ్లు చల్లబడతాయి. ఎటు చూసినా ఏనుగుల మందలా రాతిగుట్టలు, వాటి సందుల్లో మామిడితోటలు, ఎండకు మెరిసే చెరువులు, దూరంగా చెన్నై హైవే. అదే కళ్లు కిందికి దించితే ఆ చల్లదనం ఆవిరైపోతుంది. కోటగోడ నిండా పెయింటుతో హృదయాలు, వాటిలో బాణాలు, పేర్లు. సైనికులు నీళ్లు తాగిన కోనేట్లో చిప్స్ ప్యాకెట్లు, బీరుసీసాలు, ఒక డైపరు. హైదరాలీ తుపాకులకు చెక్కుచెదరని గోడ గుట్కా ఉమ్ములకు ఎర్రబారిపోయింది. పురుషోత్తమ్ చెత్త ఏరడం మొదలుపెట్టింది వేషం కోసమే. పావుగంటకల్లా అది నిజమైన కోపంగా మారింది. ఒక్కో ప్యాకెట్టూ ఎవడో ఒకడి చెంప అనుకుని కర్రతో పొడిచి సంచిలో వేశాడు.

రెండో ప్యాకెట్టుకే కర్రపిడికి ఎవరిదో గుట్కా ఉమ్ము అంటుకుని కెమెరా మూసుకుపోయింది.

"నాకు అంతా ఎర్రగా కనిపిస్తోంది" అన్నాడు చీఫ్ చెవిలో.

"నాకూ అంతే సార్."

కొండ మీద గంగమ్మ గుడి ముందు పొంగలి పెట్టుకోవడానికి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు పొయ్యిరాళ్లు పేరుస్తున్నారు. మంగళవారం కదా. గుడి పక్కన ఒక ముసలామె బుట్ట ముందు కూర్చుని దోసకాయలు కోసి ఉప్పుకారం పూస్తోంది. పేరు చెన్నమ్మ. రోజూ కొండెక్కి దిగే మనిషి.

"ఏమప్పా, కొత్తగా ఉండావే? యాడి నుంచి వచ్చినావు?" అంది.

"ఆండర్సన్‌పేట అక్కా. ఈ పొద్దే పనిలో పెట్టినారు." అది మాత్రం అబద్ధం కాదు. అతను పుట్టింది కోలార్ బంగారుగనుల పక్కనున్న ఆ పేటలోనే. తండ్రి చిత్తూరు పల్లె నుంచి వచ్చి బంగారుగనిలో దిగినవాడు.

"ఆండర్సన్‌పేటా! మా కూతురు కూడా ఆడనే ఉండాది. దా, ఒక ముక్క తిను. ఆ చేతుల్తో వద్దులే, నోరు తెరువు."

ఆ రోజు అతన్ని మనిషిగా చూసిన మొదటి ప్రాణి ఆమే.

తొమ్మిదిన్నరకు రక్షిత వచ్చింది. తెల్లని కుర్తా, నల్లకళ్లద్దాలు, భుజానికి బ్యాగు, చేతిలో ఫోన్ తగిలించిన కర్ర. కెమెరా వైపు తిరిగి హైదరాలీ గురించి నాలుగు ముక్కలు తప్పుగా చెప్పి, జుట్టు ఎగరేసి, పురుషోత్తమ్ దగ్గరికొచ్చి ముక్కు మీద వేలుంచుకుంది.

"తాతా, ఈ కొండ మీద నీళ్లు దొరుకుతాయా?" కోడ్ వర్డ్.

"వాన పడితే దొరుకుతాయమ్మా."

గొంతు తగ్గించింది. "ఫిరంగి బురుజు. గోడలో మూడో కన్నం. కార్డు అక్కడ పెడతారు. ముఠాలో విన్నాను. మీరు అక్కడి నుంచి కదలొద్దు. నేను మెట్ల దగ్గర వాచ్ చేస్తాను, యూ నో?"

అతను వెళ్లి బురుజు దగ్గర కూర్చున్నాడు. రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉన్న ఆ బురుజును జనం మూత్రశాలగా వాడుతున్నారు. గంట సేపు ఆ కంపులో, ఊపిరి బిగబట్టి, మూడో కన్నం మీద చూపు నిలిపి కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఒక ప్రేమజంట, ఒక కుక్క. జంట గోడ మీద పేర్లు గీకి పోయింది. ఇద్దరికంటే కుక్కే నయమనిపించింది.

పదీ ముప్ఫై అయిదు. గుడి వైపు నుంచి ఒక్కసారిగా కేక.

"అయ్యో! ఏ పాపిష్టోళ్లు చేసినార్రా ఈ పని! మీ చేతులు పడిపోనూ!"

చెన్నమ్మ గొంతు. పురుషోత్తమ్ సంచి ఈడ్చుకుంటూ పరుగెత్తాడు.

గుడి వెనక ఒక విశాలమైన బండ ఉంది. ఇండ్ల బండ అంటారు. సొంతిల్లు కావాలని మొక్కుకున్నవాళ్లు అక్కడ రాయి మీద రాయి పేర్చి చిన్న ఇల్లు కట్టి పోతారు. వందల ఇళ్లు, మోకాలెత్తున, జానెడెత్తున. చెన్నమ్మ ఒక ఇంటి ముందు గుండెలు బాదుకుంటోంది. రెండు రాళ్లే మిగిలాయి. కప్పు లేదు.

"మా కూతురి ఇల్లప్పా! పోయిన నెలలో కట్నాము. పొద్దున నేను వచ్చినప్పుడు బాగానే ఉన్నింది. కప్పు పీక్కోని పోయినారు. ఏ ఊరోడైనా ఎదుటోళ్లింటి రాయి ముట్టుకుంటాడా? ముట్టుకుంటే వాని ఇల్లు నిలుస్తాదా?"

పురుషోత్తమ్ చుట్టూ చూశాడు. బండ అంచు దాకా సీసాపెంకులున్నాయి. బండ మీద ఒక్కటి లేదు. ఇక్కడ తాగి దొర్లేవాడు సైతం ఈ ఇళ్లను తప్పుకుని నడుస్తాడు. ఎదుటివాళ్ల ఇంటి కప్పు తీసింది ఈ సీమ మనిషి కాదు. తొందరలో ఉన్న బయటి మనిషి. ఒక కొత్త ఇల్లు కట్టాల్సిన అవసరం పడ్డ మనిషి. వందల ఇళ్ల మధ్య ఒక ఇల్లు. ఒక కార్డును దాచడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

అయితే బురుజు దగ్గర గంటసేపు తను కాపలా కాసింది ఉత్త కన్నానికి.

"సార్, కార్డు రాళ్లగూళ్లలో ఉంది" అన్నాడు గొణుగుతూ.

"అయితే తన్నెయ్! అన్నీ పడగొట్టి వెతుకు! టైమ్ పదీ నలభై."

కాలు ఎత్తాడు. గని మూతపడ్డాక క్వార్టర్సు ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియక, అతని తల్లి కూడా ఇక్కడికే వచ్చి మూడు రాళ్లు పేర్చింది. చచ్చేదాకా ఆ క్వార్టర్సు ఆమె పేరుకు రాలేదు. ఆ మూడు రాళ్లు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటాయి. కాలు మళ్లీ కింద పెట్టాడు.

"నా కాలు రాదు సార్."

"పురుషోత్తమ్! ఒక ప్రాణం!"

"తెలుసు సార్." చెన్నమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అక్కా, ఏడిస్తే ఏమొస్తాది? పోయిన రాయి ఎట్లుంటుందో చెప్పు. నేను ఎతికిస్తాను."

"నల్ల పలకప్పా. ఈడి రాయి వద్దని మా అల్లుడు ఆడి నుంచే, గని కాడి నుంచి, బస్సులో ఒళ్లో పెట్టుకోని తెచ్చినాడు. పసుపు దట్టంగా రాసినాము. నిన్న గూడ నేను రాసినాను."

గని రాయి! పురుషోత్తమ్ లేచాడు. ఈ కొండంతా బూడిదరంగు రాయి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ రాయి కాకిలా నలుపు. ఆ రాళ్ల గుట్టల మీద జారుతూ పెరిగినవాడికి దాన్ని గుర్తుపట్టడానికి కెమెరా అక్కర్లేదు. వరస వెంట వరస, కళ్లతోనే వెతికాడు. బూడిద, బూడిద, బూడిద. పదీ నలభై ఆరు. ఇంకో వరస. పదీ యాభై.

బండ చివర, జీలుగు పొద పక్కన, ఒక కొత్త ఇంటి మీద నల్ల పలక. పసుపు వైపు కిందికి తిప్పి పెట్టారు.

అతను రెండు చేతులతో దాన్ని ఎత్తాడు. ఇది ఇల్లు కూల్చడం కాదు, దొంగసొత్తు తిరిగివ్వడం. కింద గుంటలో చూయింగ్ గమ్ కాగితంలో చుట్టిన మెమరీ కార్డు. జేబులో వేసుకుని, పలక చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

ఎదురుగా రక్షిత. ఒక చెయ్యి బ్యాగులో ఉంది. రెండో చేతి వేళ్లు పచ్చగా ఉన్నాయి. తెల్లకుర్తా అంచున కూడా పసుపు మరక.

"బురుజు దగ్గర ఉండమన్నాను కదా?"

"కంపు భరించలేకపోయాను."

"కార్డు ఇవ్వండి సార్. బ్యాగులో ఉన్నది లిప్‌స్టిక్ కాదు."

పురుషోత్తమ్ ఆమెను తేరిపార చూశాడు. ఐదేళ్లు ఒకే ఆఫీసులో కాఫీ తాగారు. నందీశ్ రాసిన ప్రతి చీటీ ఈ పచ్చవేళ్ల గుండానే వచ్చింది.

"ఎందుకు?"

"కొత్త పేరు, కొత్త దేశం, సముద్రం పక్కన బాల్కనీ. ఇక్కడే ఉంటే ఏమవుతాను? మీలా అవుతాను. యాభై ఏళ్లకు చెత్తసంచి."

"నందీశ్‌కు తల్లి ఉంది."

"అందరికీ ఉంటుంది" అంది రక్షిత, విసుగ్గా.

అంతే. ఆ మాటలో కోపం లేదు, భయం లేదు, సిగ్గు అసలే లేదు. కోనేట్లో డైపరు చూసినప్పుడు కూడా అతనికి ఇంత రోత పుట్టలేదు. ఎంగిలి ప్యాకెట్టును విసిరేసి పోయేవాళ్లంతా ఒకెత్తు, మనిషిని విసిరేసి పోయే ఈమె ఒకెత్తు.

"ఛీ" అన్నాడు.

అప్పుడే గుడి మలుపు తిరిగి ఒక విదేశీయుడు వచ్చాడు. తెల్ల టోపీ, మెడలో బైనాక్యులర్స్, చేతిలో పక్షుల పుస్తకం. పొంగలి పెట్టే ఆడవాళ్లను అడుగుతున్నాడు, ఇంగ్లీషులో, పసుపుగొంతు పిగిలిపిట్ట ఇక్కడ కనిపిస్తుందా అని. పదీ యాభై ఎనిమిది.

రక్షిత ముఖం వెలిగింది. "కార్డు మీరే ఉంచుకోండి సార్. పేరు నాకు నోటికి వచ్చు కదా!"

కార్డు కోసం పురుషోత్తమ్ పొద్దుట్నుంచీ కాపు కాశాడు. అసలు కార్డు ఆమె నాలుక మీద ఉంది.

ఆమె చెయ్యి పైకెత్తి, గాలికి ఎదురుగా గొంతెత్తింది. "సర్! ద నేమ్ ఈజ్ నం—"

గోనెసంచి ఆమె నెత్తిన బోర్లింది. ఉదయం నుంచి పురుషోత్తమ్ ఏరిన ముళబాగిలు కొండ చెత్తంతా ఆమె జుట్టులోకి, కళ్లద్దాల్లోకి, తెరిచిన నోట్లోకి దిగింది. సంచి నడుము దాకా లాగి రెండు చేతులా చుట్టి పట్టాడు. లోపల పిస్టల్ ఒకసారి పేలింది. సంచి అంచు చిరిగింది, బండ పెచ్చు ఎగిరింది. రెండోసారి పేలకముందే చెన్నమ్మ వచ్చి పడింది. చంకలోంచి జారిన నల్లపలకను చూసింది. సంచి కింద కనిపిస్తున్న పచ్చవేళ్లను చూసింది.

"ఇదేనా నా బిడ్డ ఇంటి కప్పు పీకింది! రండే, ఈ రంకులాడి ఈడ దొరికినాది!"

పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు గరిటెలతో సహా లేచి వచ్చారు. ఒకామె మణికట్టు మీద ఒక్కటిచ్చింది. పిస్టల్ ఎగిరి పోయి పొంగలికుండ పక్కన పడింది. పది మంది తిట్ల మోతలో, సంచిలోని మాట సంచిలోనే నలిగిపోయింది. పిస్టల్ ఎవరూ పట్టించుకోలేదు. అందరి కోపమూ కప్పు మీదే.

పక్షుల దొర పుస్తకం వదిలేసి మెట్ల వైపు పరుగు లంకించుకున్నాడు.

"తెల్ల టోపీ, దిగుతున్నాడు" అన్నాడు పురుషోత్తమ్ ఆయాసపడుతూ.

ఐదు నిమిషాల తర్వాత చెవిలో చీఫ్ గొంతు. "దొరికాడు. ఫోన్ కూడా లాక్కున్నాం. ఎక్కడికీ కాల్ పోలేదు. కార్డు?"

"నా జేబులో."

"పేరు?"

"సంచిలో."

కానిస్టేబుళ్లు వచ్చి రక్షితను విడిపించేసరికి ఆమె జుట్టులో చిప్స్ ప్యాకెట్టు ఒకటి తురాయిలా నిలబడి ఉంది. గూఢచర్యం కేసు బయటికి చెప్పలేరు. పేపర్లకు మాత్రం, పురాతన కట్టడాల దగ్గర అసభ్య ప్రవర్తన అని రాసిచ్చారు. పురుషోత్తమ్ నల్లపలకను చెన్నమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, కూతురింటి మీద రెండు చేతులతో పెట్టి, తిరిగి చూడకుండా వచ్చేసింది. అది ఆనవాయితీ.

"స్నానం చేసి ఆఫీసుకు రా" అన్నాడు చీఫ్.

"నాకు వేరే పనుంది సార్."

* * *

ఒంటిగంటా యాభైకి వేమగల్‌లో ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద చెత్త ఏరేవాడొకడు కూర్చున్నాడు. టీకొట్టువాడు గ్లాసు చేతికివ్వలేదు, నేల మీద పెట్టి పోయాడు. పురుషోత్తమ్ దాన్ని ముట్టుకోలేదు. కాల్ పోలేదని చీఫ్ చెప్పాడు. నిజమే కావచ్చు. కానీ రక్షిత మెసేజ్ ఇంకోటి ముందే పంపి ఉంటే? ఒక్క అక్షరం? చీఫ్ మాట మీద, ఆఫీసు మీద, కాఫీ కలిపిచ్చిన చేతుల మీద, దేని మీదా నమ్మకం మిగల్లేదు. తన కళ్లను తప్ప ఎవర్నీ నమ్మకూడదనుకున్నాడు.

రెండయింది. సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. యూనిఫాంలు గుంపులుగా బయటికొచ్చాయి. యాభై మంది. వంద మంది. నందీశ్ లేడు.

రెండూ ఐదు. గుంపు పలచబడింది. సెక్యూరిటీవాడు గేటు సగం మూశాడు. మునివెంకటమ్మ పెట్టిన రాగిముద్ద, ఆమెకు ఇచ్చిన మాట గుర్తొచ్చాయి. పురుషోత్తమ్ లేచి నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు, చెత్త కర్ర తప్ప. అయినా రోడ్డు దాటబోయాడు.

అప్పుడు వచ్చాడు నందీశ్. భుజాన టిఫిన్ బ్యాగు, కాలరులో పెన్ను, ముఖాన నిద్ర. తిన్నగా టీకొట్టుకే వచ్చి, పురుషోత్తమ్ పక్కన కూలబడ్డాడు. వేషంలో అతన్ని గుర్తుపట్టలేదు. మరుక్షణమే మొహం వికారంగా పెట్టి, ముక్కు గట్టిగా మూసుకుని లేచాడు.

"థూ! ఏం కంపప్పా ఇది! స్నానం చేసి ఎన్ని దినాలైందప్పా నీకు? ఇంగ ఆ పక్కకు పో, కడుపులో తిప్పుతా ఉండాది!"

పురుషోత్తమ్ చేతులు జోడించి, బుద్ధిగా జరిగి కూర్చున్నాడు. ఉదయం ఏడు నుంచి అతను విన్న మాటల్లో చెవికింపుగా ఉన్నది ఆ తిట్టొక్కటే.